ఏరికోరి చేర్చుకునే బడి ఎవరిది?

1971లో, పి.వి. నరసింహారావు చొరవతో, నల్గొండ జిల్లా సర్వేల్‌లో ఒక గురుకుల పాఠశాల మొదలైంది. పల్లెల్లో చురుగ్గా చదివే పిల్లలను ప్రవేశపరీక్షతో ఎంచుకుని, తిండి, బస, పుస్తకాలు అన్నీ ప్రభుత్వమే చూసుకుంటూ, ఉపాధ్యాయులు కూడా ఆ ఆవరణలోనే ఉండేలా దాన్ని నడిపారు. ఆ వెంటనే గుంటూరు జిల్లా తాడికొండ, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలోనూ అలాంటి బడులు వచ్చాయి. పీవీ కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి మంత్రిగా ఉన్న కాలంలో ఇదే ఆలోచన 1986 జాతీయ విద్యావిధానం ద్వారా జవహర్ నవోదయ విద్యాలయాల రూపంలో దేశమంతా వ్యాపించింది. ఇప్పుడు ఆరువందల యాభైకి పైగా నవోదయలు నడుస్తున్నాయి. త్రిభాషా సూత్రం మీద అభ్యంతరంతో తమిళనాడు ఒక్కటే వాటిని వద్దనుకుంది. 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం మరో 28 మంజూరు చేస్తే అందులో ఏడు తెలంగాణకు దక్కాయి.

ఇన్నేళ్ల అనుభవం ఉన్నా ఒక ప్రశ్న తేలలేదు. పరీక్ష పెట్టి కొందరిని చేర్చుకుని మిగతావాళ్లను వెనక్కి పంపే బడి అందరిదీ ఎలా అవుతుంది? అలా చేర్చుకున్న పిల్లలు బాగా చదివితే ఆ ఘనతలో బడి వాటా ఎంత? ప్రపంచంలో చాలా దేశాలు ఈ ప్రశ్నలను ఎదుర్కొన్నాయి. వాటి అనుభవాన్ని మన గురుకులాల పక్కన పెట్టి చూస్తే నాకు ఒకటి స్పష్టంగా కనబడుతుంది. ఇలాంటి బడి మంచిచెడ్డలు తేలేది పరీక్ష రోజున కాదు. పరీక్షకు ముందు ఎవరి దాకా కబురు వెళ్లింది, చేరాక మొదటి ఏడాది ఆఖరి ర్యాంకు పిల్లవాడికి ఏం జరిగింది అన్న రెండు చోట్లే అది తేలుతుంది. మన చర్చ మాత్రం ఎప్పుడూ కటాఫ్ మార్కు చుట్టూనే తిరుగుతోంది.

ముందు ఘనత సంగతి. నవోదయల్లో పదో తరగతి ఉత్తీర్ణత ఏటా తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది శాతం దగ్గర ఉంటుంది. పత్రికల్లో ఫొటోలు వస్తాయి, జిల్లా గర్వపడుతుంది. గర్వపడాల్సిందే. కానీ వడపోసి తెచ్చుకున్న పిల్లలు బాగా రాశారంటే అందులో వడపోత ఫలం ఎంత, బోధన ఫలం ఎంత? దీన్ని విడదీసి చూడడానికి ఆర్థికవేత్తలు ఒక మంచి ఉపాయం కనిపెట్టారు. కటాఫ్‌కు ఒక మార్కు పైన ఉండి సీటు వచ్చిన పిల్లలను, ఒక మార్కు కింద ఉండి రాని పిల్లలను తీసుకుంటారు. తెలివితేటల్లో ఈ రెండు గుంపుల మధ్య తేడా ఏమీ ఉండదు. కొన్నేళ్ల తర్వాత వాళ్ల మధ్య తేడా కనబడితే అది బడి చేసినదే. బోస్టన్, న్యూయార్క్ నగరాల్లోని పేరుమోసిన ప్రవేశపరీక్ష బడులను అబ్దుల్కాదిరోగ్లు, ఆంగ్రిస్ట్, పాఠక్ ఇలా పరిశీలించి 2014లో ఫలితాలు ప్రచురించారు. కటాఫ్ దగ్గర ఉన్న పిల్లల పరీక్ష మార్కుల్లో తేడా దాదాపు కనబడలేదు. కెన్యాలోని జాతీయ పాఠశాలల మీద లూకాస్, ఎంబీటీ చేసిన అధ్యయనం కూడా అదే చెప్పింది. ట్రినిడాడ్‌లో మాత్రం కిరాబో జాక్సన్ మంచి లాభమే చూశారు, ముఖ్యంగా ఆడపిల్లలకు. రుమేనియాలోనూ ఫలితం కొంత మెరుగైంది.

ఈ తేడాకు కారణం ఊహించడం కష్టం కాదు. బోస్టన్‌లో సీటు రాని పిల్లవాడు మరో మంచి బడికే వెళ్తాడు. ఆదిలాబాద్ అడవి పక్క గూడెంలో సీటు రాని పిల్లవాడు ఏ బడికి వెళ్తాడు? ఒకే గదిలో రెండు తరగతులు నడిచే చోటికి, లేదా లెక్కల మాస్టారి పోస్టు ఖాళీగా ఉన్న చోటికి. అందువల్ల అమెరికా ఫలితాన్ని తెచ్చి నవోదయల మీద అతికించలేం. చుట్టూ ఉన్న బడి ఎంత బలహీనంగా ఉంటే, ఎంచుకునే బడి అంత మేలు చేయగలదు. అదే లెక్కన, నగరంలో అన్నీ ఉన్న ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడికి అది ఇచ్చే అదనపు మేలు తక్కువ. పరిమితంగా ఉన్న సీట్లు ఎవరికి దక్కాలో నిర్ణయించేటప్పుడు ఈ తర్కమే ముందుండాలి. అది కేవలం సామాజిక న్యాయం మాట కూడా కాదు. ప్రభుత్వం పెట్టే రూపాయి ఎక్కడ ఎక్కువ ఫలితం ఇస్తుందన్న మాట.

ఇక పరీక్ష. నవోదయ ప్రవేశపరీక్షను దగ్గరగా చూడడం మంచిది. రెండు గంటల సమయం, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం మార్కులు మేధాశక్తి భాగానివి. అక్కడ అక్షరాలు ఉండవు, బొమ్మలే. నాలుగు బొమ్మల్లో తేడాగా ఉన్నది ఏది, అద్దంలో ఈ బొమ్మ ఎలా కనబడుతుంది, కాగితాన్ని ఇలా మడిచి ఇక్కడ చిల్లు పొడిస్తే విప్పినప్పుడు చిల్లులు ఎక్కడెక్కడ ఉంటాయి, ఇలా పది రకాలు. రకానికి నాలుగు ప్రశ్నలు. మిగతా సగంలో లెక్కలు, భాష. తెలుగులోనే రాయవచ్చు, దరఖాస్తుకు రుసుము లేదు. ఒక్కసారే రాయనిస్తారు. బడిలో ఏం నేర్పారన్నదానితో సంబంధం లేకుండా పిల్లల సహజమైన చురుకుదనాన్ని పట్టుకోవాలన్నది బొమ్మల వెనుక ఉన్న సదుద్దేశం. అయితే ఆ పది రకాలు అవే రకాలుగా వస్తున్నాయి. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా, ఖమ్మం నుంచి కామారెడ్డి దాకా చిన్న పట్టణాల్లో నవోదయ, సైనిక్ స్కూల్ కోచింగ్ కేంద్రాలు ఉన్నాయి. కొన్నింటికి హాస్టళ్లు కూడా ఉన్నాయి. నాలుగో తరగతి నుంచే అక్కడ ఉండి చిల్లుల కాగితం బొమ్మలు వందలకొద్దీ చేసిన పిల్లవాడికి, ఆ బొమ్మను పరీక్ష హాల్లోనే మొదటిసారి చూసి అసలు ఏం అడుగుతున్నారో అర్థం చేసుకోవడానికే రెండు నిమిషాలు ఖర్చుచేసే పిల్లకు మధ్య తేడా తెలివితేటల్లో లేదు.

కోచింగ్‌కు లొంగని పరీక్ష తయారుచేస్తామని ఇంగ్లండ్‌లోనూ ప్రయత్నించారు. అక్కడ 1944 చట్టం తర్వాత పదకొండేళ్ల వయసులో పరీక్ష పెట్టి కొందరిని గ్రామర్ స్కూళ్లకు, మిగతావాళ్లను సెకండరీ మోడర్న్ బడులకు పంపేవారు. 1965 నుంచి ఆ పద్ధతి చాలాచోట్ల పోయింది. ఇప్పటికీ 163 గ్రామర్ స్కూళ్లు మిగిలాయి. దశాబ్దం కిందటి లెక్కల ప్రకారం ఉచిత భోజనానికి అర్హులైన పేదపిల్లలు వాటిలో మూడు శాతం కూడా లేరు. బకింగ్‌హామ్‌షైర్‌లో 2013లో కొత్తరకం పరీక్ష తెచ్చారు. ట్యూషన్లు ఆగలేదు, అంతరం తగ్గలేదు. పరీక్ష ఏదైనా డబ్బున్న ఇల్లు దానికి తయారవుతుంది. ప్రశ్నల రకాలను ఏటా మార్చడం, ప్రతి ప్రభుత్వ బడికీ నమూనా ప్రశ్నపత్రాలు ముందే పంపి ఉపాధ్యాయుల చేత సాధన చేయించడం కొంత ఉపయోగపడతాయి. ఆ మాత్రం చేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు కూడా.

న్యూయార్క్ ఉదాహరణ మరింత బాధాకరమైంది, మరింత చిక్కైనది కూడా. స్టైవిసంట్, బ్రాంక్స్ సైన్స్, బ్రూక్లిన్ టెక్ బడుల్లో ప్రవేశం పరీక్ష ద్వారానే జరగాలని 1971లో చట్టమే చేశారు. ఆ నగరపు ప్రభుత్వ బడుల్లో నల్లజాతి పిల్లలు అప్పట్లో నాలుగో వంతు ఉండేవారు. 2019లో స్టైవిసంట్ ఇచ్చిన 895 సీట్లలో వాళ్లకు దక్కినవి ఏడు. సీట్లలో దాదాపు మూడింట రెండొంతులు ఆసియా పిల్లలకు వచ్చాయి. వాళ్లలో చాలామంది తక్కువ ఆదాయం ఉన్న వలస కుటుంబాల వాళ్లు, చిన్న ఇళ్లలో ఉంటూ రాత్రింబవళ్లు చదివి సీటు తెచ్చుకున్నవాళ్లు. పరీక్ష తీసేసి ప్రతి మిడిల్ స్కూలు నుంచి మొదటి ఏడు శాతం మందికి సీట్లివ్వాలని నాటి మేయర్ ప్రతిపాదిస్తే ఈ కుటుంబాలు వీధిలోకి వచ్చాయి. శాసనసభ ఆ ప్రతిపాదనను ఆమోదించలేదు. ఇక్కడ ఏదో ఒక పక్షాన్ని దుర్మార్గుల కింద జమకట్టడం నాకు న్యాయంగా తోచదు. వెనుకబడ్డవాళ్లలోనే రెండు గుంపులు ఒకే చిన్న ద్వారం దగ్గర ఒకరినొకరు తోసుకోవాల్సి రావడం అసలు విషాదం.

షికాగో వేరే దారి పట్టింది. 2010 నుంచి అక్కడ కొన్ని సీట్లను కేవలం మార్కుల మీద ఇస్తూ, మిగతావాటిని నగరంలోని ప్రాంతాలను ఆదాయం, చదువు వంటి వాటిని బట్టి నాలుగు శ్రేణులుగా చేసి శ్రేణికి ఇన్నని పంచారు. పేద వీధి పిల్లవాడు పేద వీధుల వాళ్లతోనే పోటీపడతాడు. మన దగ్గర ఇలాంటి ఆలోచన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, అంటే జనం నోట ట్రిపుల్ ఐటీ, చేసింది. 2008లో మొదలైన నూజివీడు, ఇడుపులపాయ, బాసర ప్రాంగణాలు పదో తరగతి పూర్తయిన పిల్లలను ఆరేళ్ల కోర్సులోకి తీసుకుంటాయి. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివినవారికి గ్రేడ్ సగటుకు 0.4 కలిపే పద్ధతి వచ్చింది. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెచ్చుకున్న 9.6, కార్పొరేట్ స్కూల్లో తెచ్చుకున్న పది పాయింట్లకు తీసిపోదన్న గుర్తింపు అందులో ఉంది. తెలుగు రాష్ట్రాలు విద్యలో తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఇదొకటని నేను నమ్ముతాను.

నవోదయల్లో రిజర్వేషన్ ఏర్పాటు గట్టిదే. నాలుగింట మూడొంతుల సీట్లు గ్రామీణ విద్యార్థులకు, మూడో వంతు ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు జిల్లా జనాభాను బట్టి, కొన్నేళ్లుగా ఓబీసీలకు 27 శాతం. అయితే గ్రామీణ కోటాలో ఒక సందు ఉంది. మూడు, నాలుగు, ఐదు తరగతులు గ్రామీణ ప్రాంతంలోని గుర్తింపు పొందిన బడిలో చదివితే చాలు, అది ప్రైవేటు ఇంగ్లీష్ మీడియం బడైనా సరే. మండల కేంద్రం శివార్లలో కాన్వెంటుకు పసుపు బస్సులో వెళ్లే పిల్లవాడు, కొండమీద ఏకోపాధ్యాయ పాఠశాలలో చదివే పిల్ల ఒకే కోటాలో పోటీపడతారు. ఊరు అన్న కొలమానం 1986లో పేదరికానికి దగ్గరగా ఉండేది. ఇప్పుడది సరిపోదు.

ఇంకా ముందుకు వెళ్తే, దరఖాస్తే చేయని పిల్లల సంగతి ఉంది. ఫ్లోరిడాలోని బ్రోవార్డ్ కౌంటీలో ప్రతిభావంతుల ప్రత్యేక తరగతులకు పిల్లలను తల్లిదండ్రులో టీచర్లో సిఫారసు చేయాల్సి ఉండేది. 2005లో ఆ పద్ధతి మార్చి, రెండో తరగతి చదివే పిల్లలందరికీ ఒక చిన్న బొమ్మల పరీక్ష పెట్టారు. అప్పటిదాకా ఎవరి కంటా పడని పేద, నల్లజాతి, హిస్పానిక్ పిల్లలు ఎంతోమంది బయటపడ్డారు. డేవిడ్ కార్డ్, లారా జూలియానో ఈ సంగతిని లెక్కలతో నిరూపించారు. తర్వాత బడ్జెట్ కోతల్లో ఆ పరీక్ష ఆగిపోయింది. ఆ పిల్లలు మళ్లీ కనబడకుండా పోయారు. ఈ అంశం మీద నేను చదివినవాటిలో నన్ను ఎక్కువగా కదిలించింది ఇదే. మన దగ్గర నవోదయ దరఖాస్తు ఆన్‌లైన్లో నింపాలి, ప్రధానోపాధ్యాయుడి సంతకంతో ధ్రువపత్రం జతచేయాలి, ఫొటో, సంతకాలు స్కాన్ చేయాలి, గడువు దాటకూడదు. వలస కూలికి వెళ్లిన తల్లిదండ్రుల పిల్లకు ఈ పని ఎవరు చేస్తారు? మనసున్న టీచరు ఉంటే చేస్తారు. లేకపోతే ఆ పిల్ల ఏ లెక్కలోకీ రాదు. ఐదో తరగతి పిల్లలందరికీ వాళ్ల బడిలోనే, దరఖాస్తు అడగకుండా, పరీక్ష పెట్టడం అసాధ్యమేమీ కాదు.

సీటు వచ్చింది. పదకొండేళ్ల పిల్ల రేకు పెట్టె, బకెట్టు, కంచం, గ్లాసు తీసుకుని వస్తుంది. ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అన్న నాలుగు హౌసుల్లో ఒకదానికి చేరుస్తారు. డార్మిటరీలో మంచం, తెల్లవారగానే గంట, మైదానంలో వ్యాయామం, మెస్ దగ్గర వరుస, సాయంత్రం హౌస్ మాస్టర్ పర్యవేక్షణలో చదువు. నిన్నటిదాకా ఊళ్లో క్లాస్ ఫస్ట్. మొదటి యూనిట్ పరీక్షలో ముప్ఫయ్యో స్థానం. ఎనిమిదో తరగతికల్లా లెక్కలు, సైన్సు ఇంగ్లీషులోకి మారతాయి. తొమ్మిదిలో కొందరు ఏడాదిపాటు హిందీ రాష్ట్రంలోని మరో నవోదయకు వెళ్లాలి, అక్కడివాళ్లు ఇక్కడికి వస్తారు.

ఈ దశ గురించి పరిశోధనలు చెప్పేది వింటే భయం వేస్తుంది. రుమేనియాలో మంచి బడిలో కటాఫ్ దగ్గర చేరిన పిల్లలు తాము వెనుకబడ్డామని, తోటివాళ్లలో ఒంటరులమని భావించారు. తల్లిదండ్రులు కూడా బడి మంచిది కదా అని సాయం తగ్గించారు. ఫ్రాన్స్‌లో సూర్‌దాన్ అనే చోట 2009లో పేద ప్రాంతాల పిల్లలకు ఒక ఆవాస బడి తెరిచి, దరఖాస్తుదారుల్లో కొందరిని లాటరీతో చేర్చుకున్నారు. మొదటి ఏడాది పిల్లల మనోస్థైర్యం తగ్గింది, మార్కులు పెరగలేదు. రెండేళ్లయ్యేసరికి గణితంలో మంచి లాభం కనబడింది, కానీ ఆ లాభం ఎక్కువగా ముందునుంచీ బలంగా ఉన్న పిల్లలకే దక్కింది. షికాగోలో కూడా పేద శ్రేణి నుంచి వచ్చిన పిల్లల గ్రేడ్లు తగ్గి, కాలేజీ అవకాశాల మీద ప్రభావం పడిందని 2020 నాటి అధ్యయనం ఒకటి చూపింది. ద్వారం తెరవడంతో పని అయిపోదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మన దగ్గర రుజువు ఇంకా కఠినంగా ఉంది. 2013 నుంచి 2017 దాకా నవోదయల్లో 49 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని, వాళ్లలో సగం మంది దళిత, ఆదివాసీ పిల్లలని సమాచార హక్కు ద్వారా బయటికొచ్చింది. జాతీయ మానవ హక్కుల సంఘం నోటీసు ఇచ్చింది. ఆ తర్వాత కౌన్సెలర్ల అవసరం గురించి మాట్లాడడం మొదలైంది. పాఠం చెప్పే టీచరే హౌస్ మాస్టరై, రాత్రి కాపలా కూడా ఆయనే చూసుకునే చోట, ఎవరు తినడం మానేశారో, ఎవరు నెలరోజులుగా ఇంటికి ఫోన్ చేయలేదో గమనించే తీరిక ఆయనకు ఎక్కడుంటుంది? నా దృష్టిలో గొప్ప గురుకులానికి మొదటి గుర్తు ఐఐటీ సీట్ల బోర్డు కాదు. ఆరో తరగతి మొదటి మూడు నెలల్లో ర్యాంకులు ప్రకటించకుండా, భాషలోనూ లెక్కల్లోనూ పునాది పాఠాలు నడిపి, ప్రతి పిల్లనూ పేరుతో ఎరిగిన ఒక పెద్దమనిషిని ఆమెకు అప్పగించడం.

కార్పొరేట్ జూనియర్ కాలేజీలు దీనికి పూర్తి విరుద్ధం. వారాంతపు పరీక్షను బట్టి పిల్లలను సెక్షన్ నుంచి సెక్షన్‌కు మార్చే పద్ధతి ఎంపికను ఒక్కరోజు పరీక్షగా కాక, ఏడాది పొడవునా వెంటాడే భయంగా మార్చింది. దాన్ని ప్రభుత్వ గురుకులాలు అనుకరించడం మొదలుపెడితే అవి పుట్టిన కారణమే పోతుంది.

సాంఘిక సంక్షేమ గురుకులాలు మరో దారి చూపాయి. ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ కార్యదర్శిగా ఉన్న కాలంలో, 2014 మే 25న, నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లా పిల్లవాడు ఆనంద్ కుమార్ ఆమెతో ఉన్నాడు. వ్యవసాయ కూలీల ఇంటి పిల్ల పర్వతారోహణ శిక్షణకు ఎంపికైంది మార్కులను బట్టి కాదు. ప్రతిభకు ఒకే కొలత పెట్టుకున్న బడిలో ఆమె ఎవరి కంటా పడేది కాదు. ఆ ఉత్సాహం మధ్య అద్దె భవనాలు, చాలని మరుగుదొడ్లు, కలుషితాహారం వార్తలు కూడా ఉన్నాయి. వాటిని దాచడం ఆ పిల్లలకు చేసే మేలు కాదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు వేర్వేరు సొసైటీలుగా గురుకులాలు నడవడం మీదా ఆలోచించాలి. తమ పిల్లలకు తమదైన చోటు, భయం లేని చోటు దొరికిందన్నది నిజం. వేరే కులం పిల్లవాడి పక్కన కూర్చుని అన్నం తినే సందర్భాలు తగ్గాయన్నదీ నిజం. 2024లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన యంగ్ ఇండియా సమీకృత గురుకులాలు ఈ గోడలను తీసేస్తాయా, లేక ఒకే ప్రహరీలో నాలుగు గోడలు కడతాయా అన్నది మెస్‌లో బల్లలు ఎలా వేస్తారన్న దగ్గరే తెలుస్తుంది.

మిగిలిపోయిన బడి గురించి కూడా చెప్పాలి. ఊరి ప్రాథమిక పాఠశాల నుంచి చురుకైన ముగ్గురు పిల్లలు వెళ్లిపోతే ఆ తరగతిలో ప్రశ్నలడిగే గొంతులు తగ్గుతాయి. పట్టుదల ఉన్న తల్లిదండ్రుల దృష్టి కూడా ఆ బడి మీద నుంచి మళ్లుతుంది. 1986 విధానం నవోదయలను చుట్టుపక్కల బడులకు మార్గదర్శకంగా ఉండే బడులని పిలిచింది. ఆ బాధ్యతను చాలాచోట్ల మరిచిపోయారు. నవోదయ ప్రయోగశాల ఆదివారం పక్క మండలం హైస్కూలు పిల్లలకు తెరవవచ్చు. దాని లెక్కల టీచరు నెలకోసారి ప్రభుత్వ బడుల టీచర్లతో కూర్చోవచ్చు. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ కింగ్ ఎడ్వర్డ్ గ్రామర్ స్కూళ్లు పేద విద్యార్థులకు అర్హత మార్కు తగ్గించి చేర్చుకుంటున్నాయి. పాత వైభవం ఉన్న బడులే ఇంత చేయగలిగినప్పుడు, ప్రజల డబ్బుతో పుట్టిన మన బడులు చేయలేకపోవడానికి కారణం లేదు.

అలాంటి బడిని కొలవాలంటే కొత్త పద్దులు కావాలి. ప్రతి నవోదయ, ప్రతి గురుకులం ఏటా మే నెలలో పది ఫలితాలతో పాటు మరికొన్ని అంకెలు బోర్డు మీద పెట్టాలి: జిల్లాలో ఒక్క దరఖాస్తు కూడా రాని ప్రాథమిక పాఠశాలలు ఎన్ని, వాటి పేర్లేమిటి, చేరిన వాళ్లలో ప్రభుత్వ బడి నుంచి వచ్చినవాళ్లు ఎందరు, అమ్మానాన్నల్లో ఎవరూ బడి మొహం చూడని పిల్లలు ఎందరు, వైకల్యం ఉన్న పిల్లలు ఎందరు, ఆరో తరగతిలో చేరి పది పూర్తి చేయకుండా వెళ్లిపోయినవాళ్లు ఎందరు, వాళ్లు ఏ వర్గాల వాళ్లు, ఆఖరి పది ర్యాంకులతో చేరిన పిల్లలు ఐదేళ్ల తర్వాత ఎక్కడున్నారు. మొదటి అంకెతో పని వెంటనే మొదలుపెట్టవచ్చు. దరఖాస్తు రాని బడుల జాబితా మండల విద్యాధికారి దగ్గర పదినిమిషాల్లో తయారవుతుంది. వచ్చే ఏడాది ఫారాలు మొదలయ్యే నాటికి ఆ బడులకు ఒక్కో టీచరును పంపి, ఐదో తరగతి పిల్లలందరి చేతా అక్కడే నింపించవచ్చు.